బూడిద దిబ్బ – ఉలవ గింజ

పాఠ్యభాగ పరిచయం

ఒక శాస్త్రం తన హద్దుల్లో ఉండి తేల్చలేని ప్రశ్నను పలు శాస్త్రాలవారు కలిసి పరిశీలించడాన్ని అంతర్విషయక పరిశోధన అంటారు. రాయలసీమలోనూ, దానిని ఆనుకొని ఉన్న బళ్ళారి సీమలోనూ కనిపించే బూడిద దిబ్బలపై సుమారు రెండు శతాబ్దాలుగా సాగుతున్న అధ్యయనం అటువంటి పరిశోధనకు చక్కని ఉదాహరణ. అందులో పండితులకు ఎదురైన చిక్కులను, వారికి దక్కిన ఫలితాలను ఈ పాఠం వివరిస్తుంది.

పాఠం

గోరంట్ల చిత్రావతీ నదీతీరాన వెలసిన ఊరు. చరిత్ర అనగానే ఇక్కడివారి మనస్సుకు తట్టేది విజయనగర కాలం. ఊరిలోని మాధవరాయస్వామి ఆలయం ఆనాటిదే. హిందూపురానికి చేరువలో లేపాక్షి వీరభద్రాలయం ఉంది. 1565లో జరిగిన తళ్ళికోట యుద్ధం తరువాత ఆరవీటి రాజులకు రాజధాని అయిన పెనుకొండ కూడా ఈ సమీపంలోనిదే. రాతిపై చెక్కిన చరిత్రకు ఒక సౌలభ్యం ఉంది. శాసనాన్ని చదవగలిగితే చాలు, రాజు పేరు, దాత పేరు, తిథివారాలు అన్నీ తెలుస్తాయి.

అయితే ఈ ఊళ్ళ చుట్టూ పరచుకొన్న మెట్ట పొలాల చరిత్ర శాసనాలకు ఎక్కలేదు. పూర్వపు అనంతపురం జిల్లాలో సగటు వర్షపాతం సంవత్సరానికి సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. వాన సకాలంలో పడితే రైతు వేరుశనగ వేస్తాడు. అదను తప్పితే ఉలవలు చల్లుతాడు. నీటి వసతి ఉన్నచోట రాగి నాటుతాడు. ఈ మూడు పంటలు ఒకే పొలంలో పండినా వాటి పుట్టిళ్ళు వేరు. వేరుశనగ దక్షిణ అమెరికా నుండి వచ్చింది. రాగి ఆఫ్రికా నుండి వచ్చింది. ఉలవ మాత్రం భారతదేశపు మెట్ట భూములకు చెందిన గింజ. దక్షిణ భారతంలో తొలి వ్యవసాయదారులు పండించిన ప్రధాన పంటలలో అది ఒకటి. ఈ సంగతి ఏ కావ్యంలోనూ లేదు, ఏ తామ్రశాసనంలోనూ లేదు. దానిని పండితులు ఎట్లా తెలుసుకొన్నారన్నదే ఇక్కడ చెప్పవలసిన కథ. ఆ కథకు మొదలు బూడిదలో ఉంది.

బళ్ళారి, రాయచూరు, కర్నూలు, అనంతపురం, పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాల్లో అక్కడక్కడ పెద్ద పెద్ద బూడిద దిబ్బలు కనిపిస్తాయి. అటువంటివి నూరుకు పైగా గుర్తింపబడ్డాయి. అనంతపురం జిల్లా కల్యాణదుర్గం ప్రాంతంలోని పాలవాయి వాటిలో పేరెన్నికగన్నది. కొన్ని దిబ్బలలో బూడిద మెత్తగా పొరలు పొరలుగా ఉంటుంది. మరికొన్నింటిలో అది కరిగి గట్టిపడి, గాజువలె మెరిసే గడ్డలుగా మారి ఉంటుంది. ఎంత తీవ్రమైన వేడి తగిలితే బూడిద కరిగి రాయి అవుతుందో ఊహించవచ్చు. ఇంత బూడిద ఎక్కడిది? ఎవరు కాల్చారు? ఏమి కాల్చారు?

ఈ ప్రశ్నలకు మొదట సమాధానం చెప్పినవారు ఆయా గ్రామాల ప్రజలే. హంపికి సమీపాన నింబాపురం వద్దనున్న దిబ్బ, రాముని చేత హతుడైన వాలిని దహనం చేసిన చోటని అక్కడివారి నమ్మకం. వేరే చోట్ల ఇవి రాక్షసుల చితాభస్మమని చెప్పుకొన్నారు. ఈ మాటలను కట్టుకథలని కొట్టివేయడం సులభమే. కాని వాటిలో రెండు గట్టి పరిశీలనలు ఇమిడి ఉన్నాయి. ఆ బూడిద సామాన్యమైన పొయ్యి బూడిద కాదని, అది మిక్కిలి ప్రాచీనమని గ్రామీణులు గ్రహించారు.

పందొమ్మిదవ శతాబ్దంలో విద్యావంతులైన పరిశీలకులు రంగంలోకి దిగారు. 1840వ దశకం నాటికే న్యూబోల్డ్ అనే సైనికాధికారి ఈ దిబ్బలను గురించి వ్యాసం ప్రకటించాడు. ఆ తరువాత వంద సంవత్సరాలకు పైగా ఎవరికి తోచిన సిద్ధాంతాన్ని వారు ప్రతిపాదించారు. కరిగిన గడ్డలను చూసి కొందరు అగ్నిపర్వతాలను తలచారు. లోహ పరిశ్రమను ఎరిగినవారికి అది ఇనుమును కరిగించగా మిగిలిన చిట్టెంవలె తోచింది. రాజుల చరిత్ర చదివినవారికి యుద్ధానంతర సామూహిక దహనాలు గుర్తుకు వచ్చాయి. వీరెవ్వరూ అల్పజ్ఞులు కారు. ప్రతివారూ తమ శాస్త్రం నేర్పిన కంటితో చూశారు, ఆ కంటికి కనిపించినదే చెప్పారు. ఒక విద్యలో గట్టి శిక్షణ పొందినవారికి ఆ విద్యలో ఇమిడే సమాధానమే ముందు తడుతుంది. అంతర్విషయక పరిశోధనకు తొలి అవరోధం ఇదే. దానికి అజ్ఞానం కారణం కాదు, పాండిత్యమే కారణం.

సరియైన దారిని మొదట సూచించినవాడు రాబర్ట్ బ్రూస్ ఫుట్. ఆయన భారత భూగర్భ సర్వేక్షణ సంస్థలో ఉద్యోగి. రాళ్ళను పరీక్షించడం ఆయన వృత్తి. అయినప్పటికీ 1863లో మద్రాసు సమీపాన పల్లవరంలో ఆదిమానవుని రాతి పనిముట్టును గుర్తించి, భారతదేశపు ప్రాక్ చరిత్ర అధ్యయనానికి పునాది వేశాడు. బూడిద దిబ్బలపై దొరికిన నునుపైన రాతి గొడ్డళ్ళను, కుండపెంకులను చూసి, ఇవి నవీన శిలాయుగపు పశుపాలకులకు సంబంధించినవని, కాలినది పశువుల పేడ అయి ఉండవచ్చునని ఆయన భావించాడు. భూగర్భ శాస్త్రజ్ఞుడు కనుకనే అది అగ్నిపర్వత శిల కాదని నిస్సంశయంగా చెప్పగలిగాడు. తన శాస్త్రం వెలుపలికి చూశాడు కనుకనే పేడ సంగతి ఆలోచించాడు. అయినా ఆయన మాట చాలాకాలం నెగ్గలేదు. పేడ కాలితే బూడిద మిగులుతుంది గాని గాజువంటి రాయి ఎట్లా ఏర్పడుతుందన్న ఆక్షేపణకు అప్పుడు తగిన సమాధానం లేదు.

ఆ సమాధానం 1960 ప్రాంతంలో లభించింది. లండన్ విశ్వవిద్యాలయంలో ప్రాచీన పర్యావరణాన్ని అధ్యయనం చేసే ఆచార్యుడు ఫ్రెడరిక్ జాయ్‌నర్ ఈ గడ్డలను ప్రయోగశాలలో పరీక్షించాడు. గడ్డి మొక్కలు నేలలోని సిలికాను పీల్చుకొని తమ కణాల్లో దాచుకొంటాయి. గడ్డి తిన్న పశువు పేడలో ఆ సిలికా మిగిలి ఉంటుంది. పేడ కుప్పలు కుప్పలుగా పేరుకొని తీవ్రమైన వేడితో మండినప్పుడు ఆ సిలికాయే కరిగి గాజుగా మారుతుంది. ఇసుక నుండి గాజు తయారయ్యే తీరు కూడా ఇటువంటిదే. పశువు, గడ్డి, నేల, నిప్పు అనే నాలుగింటిని గురించి తెలిస్తే తప్ప ఈ ముడి విడలేదు.

అదే కాలంలో రేమండ్ ఆల్చిన్ అనే పురావస్తు శాస్త్రజ్ఞుడు పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరులో తవ్వకాలు జరిపాడు. ఈ ఉట్నూరు వేరు, ఆదిలాబాద్ అడవుల్లోని ఉట్నూరు వేరు. 1957లో సాగిన ఆ తవ్వకాల్లో దిబ్బ అడుగున వరుసగా గుంజలు పాతిన గుంటలు బయటపడ్డాయి. అది పశువుల దొడ్డికి వేసిన దడి. అంతకన్న ఆశ్చర్యకరమైనది మరొకటి ఉంది. బూడిద పొరపై పశువుల గిట్టల గుర్తులు చెక్కుచెదరకుండా నిలిచి ఉన్నాయి. నాలుగువేల ఏళ్ళకు పూర్వం ఒక సాయంకాలం మేత నుండి తిరిగివచ్చిన మంద అడుగుజాడలు అవి. ప్రయోగశాలలో తేలిన విషయానికి తవ్వకం సాక్ష్యం పలికింది. ఆల్చిన్ తన అధ్యయనాన్ని 1963లో గ్రంథరూపంలో వెలువరించాడు.

ఏమి కాల్చారో తెలిసింది. ఎందుకు కాల్చారు? పేడ మన రైతుకు ఎరువు, పిడక. అంతటి విలువైన వస్తువును ఎవరైనా ఊరకే తగులబెడతారా? ఇక్కడ రసాయన శాస్త్రం చేయగలిగింది లేదు. ఆల్చిన్ జానపదుల ఆచారాల వైపు దృష్టి మరల్చాడు. ఆయన తులసీదాసు రచనలను ఆంగ్లంలోకి అనువదించిన సాహిత్యాభిమాని కూడా. హోళీ, దీపావళి, సంక్రాంతి వంటి పండుగల్లో మంటకూ పశువుకూ ఉన్న సంబంధాన్ని ఆయన గమనించాడు. కన్నడ సీమలో సంక్రాంతినాడు పశువులను మంట దాటించే ఆచారం నేటికీ ఉంది. ఋతువులు మారే వేళ మందను కాపాడుకోవడానికి జరిపిన ఉత్సవాగ్నులే ఈ దిబ్బలకు మూలమని ఆయన అభిప్రాయం.

ఈ అభిప్రాయాన్ని అందరూ అంగీకరించలేదు. పాలవాయి దిబ్బను పరిశోధించి 1976లో గ్రంథం ప్రకటించిన వి. రామిరెడ్డి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో మానవశాస్త్ర ఆచార్యుడు. దిబ్బల సమస్యను ప్రత్యేకంగా చర్చించిన గ్రంథం అది. పుణెలోని డెక్కన్ కళాశాలకు చెందిన ఆచార్య కె. పద్దయ్య కర్ణాటకలోని బూదిహాళ్‌లో విస్తృతమైన తవ్వకాలు జరిపి, దిబ్బ పక్కనే నివాసస్థలాన్ని, పశుమాంసం కోసిన తావును, రాతి పనిముట్లు చేసిన చోటును కనుగొన్నాడు. దిబ్బ అంటే కేవలం దొడ్డి కాదని, అది పశుపాలకుల ఊరిలో ఒక భాగమని దానితో స్పష్టమైంది. ఇటీవలి పండితులు కొందరు వీటిని ఉద్దేశపూర్వకంగా పెంచిన స్మారక నిర్మాణాలుగా భావిస్తున్నారు. ఈ వాదం ఇంకా ముగియలేదు. కొలిచి చెప్పగల విషయంలో ఏకాభిప్రాయం కుదిరినంత సులభంగా మానవుని ఉద్దేశం విషయంలో కుదరదు.

పశువుల సంగతి ఇట్లా ఉండగా, ఆ ప్రజలు ఏమి తిన్నారన్న ప్రశ్న చాలాకాలం మరుగునపడింది. ఇరవయ్యవ శతాబ్దపు చివరి సంవత్సరాల్లో లండన్‌కు చెందిన డోరియన్ ఫుల్లర్, ధారవాడ కర్ణాటక విశ్వవిద్యాలయపు ఆచార్యుడు రవి కొరిశెట్టర్, తెలుగు ప్రాంతపు పురావస్తు పండితుడు పి. సి. వెంకటసుబ్బయ్య కలిసి ఈ పనికి పూనుకొన్నారు. వారు పరిశీలించిన స్థలాల్లో అనంతపురం జిల్లాలోని వేల్పుమడుగు ఒకటి. వారి పద్ధతి వినడానికి అతిసామాన్యం. తవ్వితీసిన మట్టిని నీటిలో కలుపుతారు. మట్టి అడుగుకు దిగుతుంది, కాలి బొగ్గైన గింజలు పైకి తేలుతాయి. వాటిని సన్నని జల్లెడతో పట్టి ఆరబెట్టి సూక్ష్మదర్శిని కింద చూస్తారు. బియ్యం కడిగేటప్పుడు తాలు గింజలు తేలడం చూసిన ఏ ఇల్లాలికైనా ఇది వింత కాదు. అంతకుముందు తవ్వకాల్లో ఈ గింజలు మట్టితోపాటు గంపల్లో బయటికి పోయేవి.

వినడానికి తేలికైనా ఆ పని తేలికైనది కాదు. కాలిన గింజ కుంచించుకుపోతుంది, పొట్టు ఊడిపోతుంది, రంగు నశిస్తుంది. ఆవగింజ పాటి బొగ్గుముక్కను చూసి అది కొర్రా, అండుకొర్రా, గడ్డి గింజా అని చెప్పాలంటే నేటి గింజలను వందల సంఖ్యలో సేకరించి, కాల్చి, పోల్చి చూడాలి. పురావస్తు శాస్త్రజ్ఞుడు వృక్షశాస్త్రాన్ని పైపైన చదివితే సరిపోదు. ఏళ్ళ తరబడి అభ్యసించాలి. 2004లో వెలువడిన వారి ఫలితాల ప్రకారం దక్షిణాది తొలి రైతుల ప్రధానాహారం నాలుగు పంటలు. ఉలవలు, పెసలు, అండుకొర్రలు, కొర్ర జాతికే చెందిన మరొక చిరుధాన్యం. గోధుమ, యవలు ఉత్తరం నుండి తరువాత వచ్చి చేరాయి. అనుములు, సజ్జలు ఆఫ్రికా నుండి వచ్చాయి. గింజలోని రేడియో కార్బన్‌ను కొలిచి వాటి వయస్సును నేరుగా నిర్ణయించే వీలు భౌతిక శాస్త్రం కల్పించింది. దక్షిణ భారత నవీన శిలాయుగం సుమారు క్రీ.పూ. 3000 నుండి 1200 వరకు సాగిందని పండితుల అంచనా.

ఇక్కడ భాషాశాస్త్రం ప్రవేశించింది. పెసలను కన్నడంలో హెసరు అంటారు, తమిళంలో పయఱు అంటారు. మన ఉద్దులు కన్నడంలో ఉద్దు, తమిళంలో ఉళుందు. ఈ మాటలు ఒకే మూలం నుండి వచ్చినవని ద్రావిడ భాషల తులనాత్మక అధ్యయనం చెబుతుంది. ఈ భాషలు విడిపోక పూర్వమే ఆ ప్రజలు ఈ గింజలను ఎరుగుదురన్నమాట. పంటల చరిత్రను ద్రావిడ పదాల చరిత్రతో సరిచూస్తూ ఫుల్లర్ 2003 నాటికే ఒక వ్యాసం ప్రకటించాడు.

చిక్కు కూడా ఇక్కడే వచ్చింది. కన్నడంలోని కొరలె, తెలుగులోని కొర్ర పరస్పరం సంబంధం గల పదాలుగా కనిపిస్తాయి. కాని తుమకూరు రైతు కొరలె అన్నప్పుడు చూపించేది అండుకొర్రను. తెలుగు రైతు కొర్ర అనే ధాన్యాన్ని కన్నడిగుడు నవణె అంటాడు. కొర్ర, అండుకొర్ర అన్న పేర్లు అక్కాచెల్లెళ్ళవలె ఉన్నా, వృక్షశాస్త్ర దృష్టిలో ఆ రెండూ వేర్వేరు ప్రజాతులకు చెందినవి. పదాన్ని మాత్రమే చూసిన భాషావేత్త రెండు మొక్కలను ఒకటిగా భావిస్తాడు. మొక్కను మాత్రమే చూసిన వృక్షశాస్త్రజ్ఞుడు పదాల చుట్టరికాన్ని గమనించడు. పొలం గట్టున నిలబడి, చేతిలో కంకి పట్టుకొని దాని పేరేమిటని అడిగినప్పుడే ఈ పొరపాటు బయటపడుతుంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం అట్లా రైతుల నోటి నుండి సేకరించిన వ్యవసాయ పదాల నిఘంటువే. జపాను శాస్త్రజ్ఞుడు కిమాతా, అశోక్, సీతారాంలతో కలిసి అండుకొర్రపై 2000 సంవత్సరంలో ప్రకటించిన వ్యాసం కూడా ఇంకా ఆ పంటను పండిస్తున్న దక్షిణాది పల్లెల పరిశీలనపై ఆధారపడినదే. తుమకూరు, చిత్రదుర్గ, చిక్కబళ్ళాపురం జిల్లాల్లోనూ, సరిహద్దుకు ఇవతల అనంతపురం సీమలోనూ ఆ పంట నేటికీ మిగిలి ఉంది. గోరంట్ల ఈ సరిహద్దుకు దూరం కాదు.

ఈ విధమైన పరిశోధనలో పైకి కనిపించని ప్రమాదం ఒకటుంది. భాషావేత్త తన పదాల కాలాన్ని నిర్ణయించడానికి పురావస్తు శాస్త్రజ్ఞుని తేదీలను అరువు తెచ్చుకొంటాడు. పురావస్తు శాస్త్రజ్ఞుడు తన కుండలు చేసినవారు ద్రావిడ భాష మాట్లాడారని చెప్పడానికి భాషావేత్తను ఉదహరిస్తాడు. ఒకరినొకరు సాక్షిగా చూపుకొంటే ఇద్దరి మాటా రుజువైనట్లు కనిపిస్తుంది. నిజానికి ఏదీ రుజువు కాదు. కుండపెంకు ఏ భాషా మాట్లాడదు, పదానికి రేడియో కార్బన్ ఉండదు. పక్క శాస్త్రం నుండి ఒక ఫలితాన్ని స్వీకరించేటప్పుడు దానికి ఎంత బలముందో ఆ శాస్త్రపు పద్ధతిలోనే తెలుసుకోవాలి. అది చేయని సంయుక్త పరిశోధన కంటె, ఒక్క శాస్త్రంలో నిష్ఠగా చేసిన పని మేలు.

చదువుల ఏర్పాటు కూడా ఇటువంటి పనికి అంతగా అనుకూలించదు. ఇంటర్మీడియట్‌లో చేరిననాడే విద్యార్థి ఎం.పి.సి., బై.పి.సి., సి.ఇ.సి., హెచ్.ఇ.సి. అనే గదుల్లో ఏదో ఒకదానిలోకి ప్రవేశిస్తాడు. పెద్ద చదువుల్లో ఆ గోడలు మరింత ఎత్తవుతాయి. రెండు శాస్త్రాల మధ్య పనిచేసినవానిని ఉభయపక్షాలవారూ పరాయివానిగా చూడడం కద్దు. అయినా ఆ గోడ దాటినవారు సహాయం చేసి ఊరకుండలేదు, తామూ లాభపడ్డారు. సి. ఆర్. రావు జీవితం ఇందుకు నిదర్శనం. బూడిద దిబ్బలున్న బళ్ళారి సీమలోనే, హూవిన హడగలిలో, 1920లో తెలుగు కుటుంబంలో ఆయన జన్మించాడు. ఆంధ్ర విశ్వకళా పరిషత్తులో గణితం చదివి, కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థలో చేరాడు. 1946లో ఆ సంస్థ ఆయనను కేంబ్రిడ్జికి పంపింది. సూడాన్‌లోని జెబెల్ మోయా అనే చోట తవ్వితీసిన ప్రాచీనుల అస్థిపంజరాల కొలతలను విశ్లేషించడం అక్కడ ఆయనకు అప్పగించిన పని. పుర్రెలకూ గణితానికీ ఏమి సంబంధమని ఆయన వెనుదీయలేదు. ఒక్కొక్క ఎముకకు అనేక కొలతలుంటాయి. వాటన్నిటినీ కలిపి చూసి మానవసమూహాల సామీప్యాన్ని తేల్చడానికి అప్పటికున్న సూత్రాలు చాలలేదు. ఆ లోటును పూరించే క్రమంలో ఆయన రూపొందించిన పద్ధతులు అనేక కొలతల గణాంక విశ్లేషణలో నిలిచిపోయాయి. 1948లో ఆర్. ఎ. ఫిషర్ పర్యవేక్షణలో డాక్టరేటు పొందాడు. ముఖర్జీ, ట్రెవర్‌లతో కలిసి రచించిన జెబెల్ మోయా గ్రంథం 1955లో వెలువడింది. 2023లో గణాంక శాస్త్రపు అంతర్జాతీయ పురస్కారం అందుకొని, అదే సంవత్సరం ఆగస్టులో ఆయన కన్నుమూశాడు. ఎముకలు లెక్కను అడిగాయి, ఆ లెక్క కోసం గణాంక శాస్త్రమే ఒక అడుగు ముందుకు వేయవలసి వచ్చింది.

బూడిద దిబ్బల విషయంలో మాత్రం కాలం పండితుల కోసం ఆగడం లేదు. బూడిద పొలానికి మంచి ఎరువు. తరతరాలుగా రైతులు ఈ దిబ్బలను తవ్వి బండ్లతో తోలుకొన్నారు. కొన్ని దిబ్బలు రోడ్ల కింద పోయాయి. రైతును తప్పుపట్టడానికి వీలులేదు. అతని పూర్వులు పోగుచేసిన పేడ నాలుగువేల ఏళ్ళ తరువాత అతని చేనికే చేరుతున్నది. అయితే బండికెత్తిన బూడిదతోపాటు గిట్టల జాడలు, గుంజల గుంటలు, ఇంకా ఎవరూ నీటిలో వేసి చూడని గింజలు కూడా వెళ్ళిపోతున్నాయి. దిబ్బ ఒక పక్క తరిగిపోయిన చోట బూడిద పొరలు నిలువుగా కోసినట్లు కనిపిస్తాయి. ఒక నల్లని గీత, ఒక తెల్లని గీత, మళ్ళీ ఒక నల్లని గీత. ఆ పక్క చేనిలోనే, వాన ఆలస్యమైన సంవత్సరంలో, ఉలవ మొలకెత్తి ఉంటుంది.